పైపు మీద మూడు దెబ్బలు

ఆ కుక్కను ఎత్తుకుపోయింది నువ్వే, ఓనరూ. గోనెసంచి పట్టుకున్న చేతులు కూలికొచ్చినవి, మూతి కట్టిన చేతులు నీ తాళాలాయనవి, పని మాత్రం నీది. ఇక ఆ మూడంతస్తుల్లో అద్దెకున్న మీరంతా, తలుపు సందులోంచి చూసి మెల్లిగా గడియ పెట్టుకున్న మీరంతా, మాకేం సంబంధం అని చేతులు దులుపుకోకండి. మీ వంతు కూడా వరసలో వస్తుంది. కూర్చుని వినండి. వినడానికి మీకు చెవులైనా ఉన్నాయి. రెండో అంతస్తు ముసలాయనకు అవి కూడా లేవు.

ముసలాయన బాయిలర్ల కార్ఖానాలో పనిచేశాడు. బాయిలరు అంటే పెద్ద ఇనప పీపా. బయట ఒకడు రేకులు బిగించే రివెట్టును సుత్తితో కొడుతుంటే, ఆ పీపా లోపల కూర్చుని ఇంకొకడు దాన్ని అదిమి పట్టుకోవాలి. లోపల కూర్చునేవాడు ఈయన. అలా ఏళ్ల తరబడి మోతలో కూర్చుని, చెవులు కార్ఖానాకే వదిలేసి ఇంటికొచ్చాడు. "చెవులు పోయినందుకు ఏమిచ్చారు మామయ్యా?" అని కొత్తగా కాపురానికొచ్చిన కోడలు ఒకసారి అడిగింది. ఆయన ఆమె పెదాలు చూసి అర్థం చేసుకుని, గోడ మీదికి చూపించాడు. "ఆ గడియారం ఇచ్చారమ్మాయ్. గంట బ్రహ్మాండంగా కొడుతుందట!" అని పగలబడి నవ్వాడు. తన గొంతు తనకు వినపడదు కాబట్టి ఆ నవ్వు వీధి చివరిదాకా వినిపించింది.

ఆయనకు మిగిలిన చెవులు ఒక కుక్క. గోధుమరంగుది, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలి ఉంటుంది. పేరు సైరన్. కార్ఖానా సైరన్ తను పోగొట్టుకున్న శబ్దాల్లో ఆఖరుదని ఆ పేరు పెట్టుకున్నాడు. ఎవరైనా తలుపు కొడితే సైరన్ వచ్చి ఆయన మోకాలి మీద కాలు వేస్తుంది. కుక్కరు కూతేస్తే వంటగది గడపకూ ఆయన కుర్చీకీ మధ్య తిరుగుతుంది. రోడ్డు మీద వెనకనుంచి బండి వస్తే చొక్కా అంచు పళ్లతో పట్టుకుని పక్కకు లాగుతుంది. ఎవరూ నేర్పలేదు. ఇద్దరూ కలిసి బతుకుతూ నేర్చుకున్నారు.

కోడలు ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. ఉతికి ఆరేసిన దుప్పట్లు వేడి రోలర్ల కిందనుంచి వస్తుంటే జోడీగా నిలబడి మడతపెట్టాలి. మొగుడు లారీ మీద పోతే వారాలకు వారాలు రాడు. ఆమె పనికెళ్లాక ఇంట్లో ముసలాయనా, సైరనూ. దాన్ని నమ్ముకునే ఆమె స్టవ్వు మీద కుక్కరు పెట్టి, తాళం ఆయన చేతికిచ్చి, కడుపులో చల్ల కదలకుండా పనికి పోయేది. ఆ కుక్క లేకపోతే ఆమె ఉద్యోగం లేదు, ఆయనకు వీధి లేదు. అంతే సంగతి.

ఈ ఇంట్లో దిగిన రోజున ఓనరు స్వయంగా సైరన్ తల నిమిరాడు. "మంచి జాతి కుక్కలా ఉందే" అన్నాడు. అది ఏ జాతీ కాదని అందరికీ తెలుసు. కుక్క కోసం విడిగా ఒకేసారి కొంత కట్టించుకుని, అగ్రిమెంటులో రాయించాడు: ఒక కుక్క ఉండవచ్చు. కింద ఇంకో వాక్యం కూడా ఉంది: గడువు తీరేవరకు ఇందులో ఏ షరతైనా మార్చాలంటే ఇరువైపులా సమ్మతి ఉండాలి. ఓనరు సంతకం పెట్టాడు, లారీ మొగుడు సంతకం పెట్టాడు, కాగితం బట్టల బీరువాలోకి పోయింది.

ఇప్పుడు తాళాలాయన గురించి. ఓనరు ఇళ్లన్నీ చూసుకునే మనిషి. నడుముకు గుత్తులుగుత్తులుగా తాళంచెవులు, నడిస్తే గలగలా మోత. అద్దెవాళ్లతో పళ్లన్నీ బయటపెట్టి మాట్లాడతాడు. ఇంట్లోకి తొంగిచూసి, "ఏమ్మా, పిల్లిని కూడా పెట్టుకున్నారా? దానికి అద్దె ఎవరు కడతారు, ఎలకలా?" అని నవ్విపోతాడు. ఆ నవ్వుకు భయపడి, ఆ భవనంలో ఒక అలవాటు పుట్టింది. తాళాలాయన మెట్ల దగ్గర కనపడగానే కింద ఇంట్లో పిన్నిగారు గరిటె తీసుకుని నీళ్ల పైపు మీద మూడు దెబ్బలు కొడుతుంది. ఆ మోత గోడ వెంబడి పై అంతస్తు దాకా పోతుంది. పిల్లులు బీరువాల్లోకి పోతాయి. చిలకల పంజరం మీద లుంగీ పడుతుంది. సైరన్ బీరువాలో పట్టేది కాదు, అందుకని డాబా మీద ట్యాంకు గదిలోకి. కొన్నాళ్లకు దాన్ని తీసుకెళ్లే పని కూడా లేకపోయింది. పైపు మోగితే చాలు, తలుపు తీస్తే తనే పైకి పరుగెత్తి, ట్యాంకు వెనక చప్పుడు చేయకుండా కూర్చునేది. అందరికీ అదొక వినోదం. "మన బిల్డింగులో బుర్రున్నది సైరన్ ఒక్కతే" అని పిన్నిగారు మెచ్చుకునేది.

వినోదమే. కానీ ఒక్కసారి ఆలోచించండి. అనుమతి లేనివాళ్లు దాచారు, అర్థముంది. అనుమతికి చేతిలో కాగితమున్నవాళ్లు ఎందుకు దాచారు? సొంత వస్తువును దొంగసొత్తులా మెట్లెక్కించి ఎందుకు పరుగులు పెట్టించారు? వాళ్లలో ఒక్కరైనా ఆ గరిటె పక్కన పెట్టి, "ఉంది, అయితే ఏంటి?" అని ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది.

పక్క వీధిలో ఓనరు ఇంకో భవనం మొదలుపెట్టాడు. ఇక్కడ అగ్రిమెంటు గడువు సగం కూడా కాకముందే గేటు మీద నోటీసు పడింది. ఇకనుంచి ప్రతి జంతువుకూ నెలనెలా ఫీజు, ముందు కట్టింది లెక్కలోకి రాదు. నోటీసు చదివిన కోడలు వేళ్ల మీద లెక్క వేసింది. అద్దెలో పావు వంతు అది. మొగుడికి ఫోన్ చేసింది.

"గొడవ పెట్టుకోకే" అన్నాడు, వెనక లారీ హారన్లు. "వాళ్లతో మనకెందుకు? మా నాన్న అరిచినట్టు మాట్లాడతాడనే ఇంకెక్కడా ఇల్లివ్వలేదు మనకి. మర్చిపోయావా?"

"మరి కుక్కని?"

"దాచండి. రోజూ దాచట్లేదా ఏంటి?"

సాయంత్రం ఆడవాళ్లంతా మెట్ల మీద చేరారు. పిన్నిగారు తీర్పు చెప్పినట్టు చెప్పింది. "ఏముందమ్మా, జంతువే లేదంటే సరి. లేనిదానికి ఫీజేంటి? మన పైపు మనకుందిగా!" అందరూ నవ్వారు. కోడలు కూడా నవ్వింది.

మర్నాడే తాళాలాయన ప్రతి గడప దగ్గరా ఆగాడు. కాగితం గీగితం ఏమీ లేదు, చేతిలో ఫోన్. "ఓనరుగారు వీడియో తీసుకురమ్మన్నారమ్మా. ఇంట్లో ఏ జంతువూ లేదని చెప్తే చాలు, ఫీజు లేదు. నవ్వుతూ చెప్పండి, పెళ్లి వీడియోలా." సైరన్ అప్పటికే ట్యాంకు వెనక కూర్చునుంది. తాళాలాయన ముసలాయన్ని కూడా పక్కన నిలబెట్టి, కెమెరా వైపు వేలు చూపించాడు. ముసలాయన కోడలి మాట పెదాలు చూసి అర్థం చేసుకుంటాడు, ఏళ్లనాటి అలవాటు. కానీ ఆ క్షణాన ఆయన కళ్లు ఫోన్ మీదున్నాయి. ఫొటో అనుకున్నాడు. కాలరు సర్దుకుని, బోసినోటితో నిండుగా నవ్వాడు. ఆయన పక్కనే నిలబడి ఆమె అన్నది.

"మా ఇంట్లో ఏ జంతువూ లేదు."

"ఇంకోసారమ్మా, గట్టిగా. ఈయనకు వినపడాలిగా" అన్నాడు తాళాలాయన, తన జోకుకు తానే నవ్వుతూ. ఆమె ఇంకోసారి అన్నది.

పైపు సంగతి తాళాలాయనకు తెలియదనుకున్నారు మీరు. గోడలో మోత పుడితే అది మీ ఒక్కళ్లకే వినపడుతుందా? అతను ఇన్నాళ్లూ తెలియనట్టు ఊరుకున్నాడు, అంతే. పక్క వీధి భవనంలో రాత్రిళ్లు ఇనుము పోతోంది. కాపలాకు కుక్క కావాలి. చెప్పిన మాట వినేది, ఊరికే దొరికేది అయితే మరీ మంచిది.

ఒక మధ్యాహ్నం ముసలాయన కునుకు తీస్తున్నాడు. కోడలికి ఆ రోజు సెలవు. పైపు మోగింది, మూడు దెబ్బలు. ఆమె అలవాటుగా లేచి తలుపు తీసింది. సైరన్ తోకాడిస్తూ మెట్లెక్కి పోయింది. కోడలు తలుపు దగ్గరే నిలబడి గలగల కోసం చెవి రిక్కించింది. గలగల రాలేదు. పిన్నిగారు కింద నుంచి పిలిచింది. "ఎవరే పైపు కొట్టింది? నేను కాదు!"

డాబా మీద ఒక్క అరుపు వినిపించింది. రెండోది సగంలో ఆగిపోయింది.

తాళాలాయన మెట్లు దిగొచ్చాడు. గుత్తులన్నీ గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు, మోత రాకుండా. వెనక ఇద్దరు గోనెసంచి మోసుకొస్తున్నారు. సంచి మూతిలోంచి తల బయటికుంది, మూతికి తాడు. నిలబడే చెవి కూడా వాలిపోయింది. రెండో అంతస్తులో ఆగాడు. అన్ని తలుపులూ బెత్తెడు తెరుచుకుని ఉన్నాయి.

"ట్యాంకు గదిలో దొరికిందమ్మా. తాగే నీళ్ల దగ్గర, చూడండి మరి! ఎవరిదో?" మెట్ల సందులోంచి కిందికీ పైకీ ఒక్కొక్క తలుపునూ చూశాడు. "పిన్నిగారూ, మీదా?"

"అయ్యో, మాది కాదు బాబూ."

"పైన చిలకలాయనా, మీదా?"

పైన తలుపు మూసుకుంది.

"మీదా చెల్లెమ్మా?"

సైరన్ కోడలి వైపు చూస్తోంది. కట్టిన మూతిలోంచి సన్నగా మూలుగుతోంది. ఆమెకు ఆ వీడియో గుర్తొచ్చింది, ఫీజు గుర్తొచ్చింది, ఖాళీ చెయ్యమంటే మూటలతో రోడ్డున పడటం గుర్తొచ్చింది. బీరువాలో కాగితం ఒక్కటే గుర్తు రాలేదు.

"కాదు" అంది.

"ఎవరిదీ కాకపోతే ఓనరుగారిదే. ఆయన బిల్డింగులో దొరికిందిగా" అన్నాడు. కిందికి దిగుతూ గుప్పిట వదిలాడు. గుత్తులు గలగలలాడాయి.

ముసలాయన నిద్రలేచి, మోకాలి దగ్గర చెయ్యి చాపాడు. ఏమీ తగల్లేదు. కోడలు ఆయన ముందు కూర్చుని, పెదాలు మెల్లిగా కదిలిస్తూ చెప్పింది. "తలుపు తీసి ఉంటే పారిపోయింది మామయ్యా."

ఆయన గడప దగ్గరి చెప్పుల వైపు చూశాడు. "మొన్న నేను కసిరానమ్మాయ్" అన్నాడు ఇల్లదిరేలా. "చెప్పు కొరికిందని చెయ్యెత్తాను. అందుకే పోయింది. వస్తుందిలే. మనకున్న కోపాలే దానికీ."

అలా తప్పు తన నెత్తిన వేసుకుని వెతకడం మొదలుపెట్టాడు. ఆమె పనికెళ్లగానే వీధిలో పడేవాడు. ఒకరోజు వెనకనుంచి వచ్చిన సైకిలువాడు గంట కొట్టి కొట్టి, చివరికి గుద్దేసి, "చెవుడా?" అని తిట్టి పోయాడు. ఆ తిట్టు కూడా ఆయనకు చేరలేదు. మోచేయి తోలు లేచిపోయి ఇంటికొచ్చాడు. ఇంకో రోజు కుక్కరు మాడి గది నిండా పొగ. ఆ తర్వాత కోడలు ఆయన్ని లోపలుంచి బయట తాళం వేసుకుని పనికి పోవడం మొదలుపెట్టింది. చేసింది ఎవరనుకున్నారు? తాళాలాయన కాదు, ఆమే. మీరు మీ భయాన్ని పక్కవాడి మీదికి ఎలా దింపుతారో చూడండి. ఆ దింపుడుకు పిన్నిగారు పెట్టిన పేరు జాగ్రత్త.

లాండ్రీలో జోడీగా మడతపెట్టే అక్క రెండు రోజులు చూసి, మూడో రోజు దుప్పటి కొస వదిలేసింది. "ఏంటే, మడతలన్నీ వంకరపోతున్నాయి?"

కోడలు చెప్పింది. అక్కకు మొదట జాలి కలగలేదు, కోపం వచ్చింది.

"కుక్క ఉండొచ్చని రాసుందా, లేదా?"

"రాసుంది."

"గడువు అయిపోయిందా?"

"ఇంకా కాలేదు."

"కొత్త ఫీజుకు నువ్వు ఊఁ అన్నావా?"

"అడగలేదు. నోటీసు వేశారు."

"గోడకు నోటీసేస్తే నీ ఒప్పుదల అయిపోతుందా? గడువయ్యాక కొత్త అగ్రిమెంటప్పుడు ఏమడుగుతాడో అడగనీ, అప్పుడు కావాలంటే ఉంటావు, లేకపోతే పోతావు. మధ్యలో ఎవడు మార్చమన్నాడు? కట్టను అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కట్టనవసరం లేనిదానికి భయపడి, కుక్కనే లేకుండా చేసుకున్నావు కదే! నీకంటే ఆ కుక్క నయం. అది అబద్ధమాడలేదు."

దుప్పటి మళ్లీ చేతికందించింది. రోలరు ఎవరి కోసమూ ఆగదు.

ఆ సాయంత్రం కోడలు తాళం తీసి, ముసలాయన్ని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లింది. పక్క వీధి మీదుగా వస్తుంటే అరుపు వినిపించింది. సగం కట్టిన భవనం, ఊచల గేటు, గేటు వెనక ఇనుము కుప్పలు. వాటి పక్కన గొలుసుతో సైరన్. వాళ్లను చూసి గొలుసు తెగేలా ముందుకు దూకుతోంది, గొంతు చిట్లేలా అరుస్తోంది. వీధంతా అటు తిరిగి చూసింది. ముసలాయన తిరగలేదు. ఎదురుగా చెత్తకుండీ దగ్గర ఏదో గోధుమరంగు కనపడితే అటే చూస్తూ నడుస్తున్నాడు. తన కుక్క తన వీపు వెనక తనను పిలుస్తుంటే, ఆయన దాన్ని చెత్తకుండీల దగ్గర వెతుకుతున్నాడు.

ఆమె ఆపి ఉండొచ్చు. ఆయన భుజం పట్టి ఇటు తిప్పితే చాలు. చేతిలో చెయ్యి ఉంది. ఆ చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుని, నడక పెంచింది. వీధి మలుపు తిరిగేదాకా అరుపు వినపడుతూనే ఉంది, ఇద్దరిలో ఆమె ఒక్కదానికే.

ఆ రాత్రి ఆమె బీరువా తీసి కాగితం చదివింది. అక్క చెప్పిందే ఉంది. మర్నాడు పని ఎగ్గొట్టి, ముసలాయన్ని తీసుకుని నేరుగా ఆ గేటు ముందు నిలబడింది. భుజం పట్టి తిప్పింది.

ముసలాయన చూశాడు. చేతులు రెండూ గేటు ఊచల్లోంచి లోపలికి పోయాయి. "సైరన్! ఒరేయ్ సైరన్! ఇక్కడున్నావట్రా దొంగా!" సైరన్ గొలుసు చివరికొచ్చి, వెనక కాళ్ల మీద లేచింది. ఆయన వేళ్లకూ దాని మూతికీ మధ్య జానెడు. గొలుసు అంతకంటే సాగలేదు.

తాళాలాయన టీ గ్లాసుతో బయటికొచ్చాడు. "ఏమ్మా, ఏంటీ పొద్దున్నే?"

"మా కుక్క. ఇచ్చెయ్యి."

"మీ కుక్కా?" కళ్లు పెద్దవి చేశాడు. "మీకు కుక్క లేదుగా చెల్లెమ్మా. నువ్వే చెప్పావు, రెండుసార్లు. ఇప్పుడు ఉందంటే అప్పుడు చెప్పింది అబద్ధం. అబద్ధం చెప్పి ఉన్నవాళ్లను ఓనరుగారు ఉండనిస్తారా? ఆలోచించుకో. ఇల్లా, కుక్కా?"

"అగ్రిమెంటులో..."

"ఆ గొడవంతా నాతో ఎందుకు? పెద్దాయనకు చూపిద్దాం." ఫోన్ తీశాడు. ముసలాయన ముఖం ముందు పెట్టి వీడియో నొక్కాడు.

ముసలాయన చూశాడు. తెర మీద తను కాలరు సర్దుకుని నవ్వుతున్నాడు. పక్కన కోడలు. ఆయనకు శబ్దంతో పని లేదు. ఏళ్ల తరబడి చదివిన పెదాలు అవి. ఒకసారి చదివాడు. రెండోసారి, ఆమె గట్టిగా అన్నది కూడా చదివాడు. తర్వాత తెర వదిలేసి ఆమెను చూశాడు. మొట్టమొదటిసారి ఆయన గొంతు చిన్నగా వచ్చింది.

"నేను కసిరినందుకు కాదన్నమాట."

ఆమె పెదాలు కదల్లేదు. కదిలితే ఆయన చదువుతాడు.

సరిగ్గా అప్పుడు మోగింది. ఆ వీధి మలుపులోనే ఉంది మీ భవనం. గేటు దగ్గర గొడవ చూశారు, తాళాలాయన కోపంగా ఉన్నాడు, ఇక్కడికే వస్తాడేమోనని మీరు బెదిరిపోయారు. గరిటె తీశారు. పైపు మీద మూడు దెబ్బలు. టంగ్, టంగ్, టంగ్. మీ పిల్లుల్ని బీరువాల్లోకి తోశారు.

సైరన్ కూడా విన్నది. దానికి బుద్ధిగా నేర్పింది మీరే కదా. అరుపు ఆపేసింది. తోక కాళ్ల మధ్యకు పోయింది. ముసలాయన వేళ్ల ముందునుంచి వెనక్కి వెనక్కి జరిగి, ఇనుము కుప్ప వెనక నక్కి, చప్పుడు చేయకుండా కూర్చుంది.

"ఎందుకలా పోతోంది?" ముసలాయన చేతులు ఇంకా ఊచల్లోనే ఉన్నాయి. "అమ్మాయ్, ఎందుకు పోతోంది? నన్ను చూసే పోతోందా?"

తాళాలాయన పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. టీ ఒలికింది.

కోడలు అతని నవ్వు ఆగేదాకా ఆగలేదు. గేటు పట్టుకుని ఊపింది. వీధి మొత్తం వినేలా, మూడో అంతస్తులో లుంగీ కప్పిన పంజరం దాకా వినేలా అరిచింది.

"మాదే! అప్పుడు అబద్ధం చెప్పాను, ఇప్పుడు నిజం చెప్తున్నా, తియ్యి వీడియో! కుక్క మాది. దాని కోసం కట్టాల్సింది ఎప్పుడో కట్టాం, గడువు తీరేదాకా ఇంకొక్క పైసా కట్టం. ఖాళీ చెయ్యమంటావా, ఏ షరతు కింద చెయ్యమంటున్నావో మీ ఓనరుని వచ్చి నా ముందు చదవమను! పిన్నీ, కొట్టింది చాలు, ఆ గరిటె కింద పడెయ్యి! పిల్లుల్ని బయటికి తియ్యండి, పంజరం మీద గుడ్డ లాగెయ్యండి, జంతువులతో సహా అందరూ కిందికి దిగండి, ఇక్కడికి రండి! ఒక్కరు కూడా దాచొద్దు, ఒక్కరు కూడా కట్టొద్దు! ఏయ్ తాళాలాయనా, నవ్వింది చాలు. గొలుసు విప్పు. గేటు తియ్యి. ఇప్పుడే తియ్యి!"